చారల చేప పుష్టి: తూకమా, కొవ్వా?

తూకంవాది: అమెరికా తూర్పు తీరాన ఉన్న చెసపీక్ అఖాతంలో గాలపు వేటగాళ్ళు అన్నిటికంటే ఎక్కువ మక్కువతో వెంటాడే చేప స్ట్రైప్డ్ బాస్. ఒంటి పొడవునా నల్లని గీతలుండే ఈ చారల చేప పుష్టిగా ఉన్నదా, బక్కచిక్కి ఉన్నదా అని తేల్చడానికి ఒక కొలతపలక, ఒక కాటా చాలునన్నది ఈ పక్షపు వాదం. చేప పెరిగేటప్పుడు పొడవుతోపాటు వెడల్పు, మందం కూడా ఇంచుమించు అదే పాళ్ళలో పెరుగుతాయి గనుక బరువు పొడవు ఘనాన్ని అనుసరిస్తుంది. అందువల్ల గ్రాముల బరువును సెంటీమీటర్ల పొడవు ఘనంతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే అంకె, చేప తన పొడవుకు తగినంత ఒళ్ళు చేసిందా లేదా అన్నది చెబుతుంది. స్కాట్లాండ్ మత్స్యశాస్త్రవేత్త ఫుల్టన్ పేరు మీద దీనిని ఫుల్టన్ పుష్టి గుణకం అంటున్నారు. 50 సెంటీమీటర్ల చేప 1,400 గ్రాములు తూగితే గుణకం 1.12 అవుతుంది. అయితే ఈ ఘన నియమం అచ్చంగా సరిపోదని, పొడవు పెరిగేకొద్దీ చాలా జాతులు మరికొంచెం లావెక్కుతాయని ఫుల్టన్ 1904 నాటికే గమనించాడు. ఆ లోపాన్ని సరిదిద్దడానికే 1978లో, మంచినీటి లార్జ్‌మౌత్ బాస్ కోసం మొదట, సాపేక్ష బరువు అనే కొలత వచ్చింది. ఆ జాతి చేపకు ఆ పొడవులో ఉండవలసిన ప్రామాణిక బరువును ఒక సమీకరణంతో ముందే నిర్ణయించుకొని, తూచిన బరువు అందులో ఎంత శాతమో చెప్పడమే సాపేక్ష బరువు. చారల చేపకు బ్రౌన్, మర్ఫీ 1991లో ఇచ్చిన సమీకరణం ప్రకారం 500 మిల్లీమీటర్ల చేప ప్రామాణిక బరువు దాదాపు 1,555 గ్రాములు. పైన చెప్పిన చేప 1,400 తూగింది గనుక దాని సాపేక్ష బరువు 90. నూటికి దగ్గరగా ఉన్న గుంపు బాగా తింటున్నదని, బాగా దిగజారిన గుంపుకు తిండి చాలడం లేదని దీన్నిబట్టి చెప్పవచ్చు. ఇంత చెప్పడానికి చేపను చంపనక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు, పని ముగియగానే దానిని తిరిగి నీళ్ళలోకి వదలవచ్చు.

కోతవాది: కాటా తూచేది చేపను గాని చేప పుష్టిని కాదు. ఆ 1,400 గ్రాములలో కండ ఎంత, కొవ్వు ఎంత, కడుపులో అప్పుడే మింగిన మెన్‌హాడెన్ చేపపిల్ల బరువు ఎంత, వసంతకాలమైతే ఆడచేప పొట్టలోని జన, అంటే గుడ్ల సంచి, ఎంత అన్న లెక్క ఆ ఒక్క అంకెలో ఎక్కడా కనిపించదు. వీటినైనా ఏదో ఒక విధంగా సవరించుకోవచ్చు గాని, అసలు చిక్కు నీటితో వస్తుంది. ఆకలిమీద ఉన్న చేప తను కూడబెట్టుకొన్న కొవ్వును ఖర్చుచేస్తుంది. ఖర్చయిన కొవ్వు స్థానంలోకి కణజాలంలో నీరు చేరుతుంది. కొవ్వు నిలవచేసుకొనే చేపల కండలో కొవ్వు శాతాన్ని, నీటి శాతాన్ని కలిపితే మొత్తం సుమారు 80 దగ్గర నిలుస్తుందని, ఒకటి తగ్గితే రెండవది ఇంచుమించు ఆ మేరకే పెరుగుతుందని చేపల జీవరసాయన శాస్త్రం చాలాకాలంగా చెబుతున్నది. ఉదాహరణకు 1,400 గ్రాముల చేప దేహంలో 8 శాతం ఉన్న కొవ్వు 2 శాతానికి పడిపోయిందనుకొంటే, 84 గ్రాముల కొవ్వు, అంటే 790 కిలో కేలరీల దాకా శక్తి, ఒంట్లోనుంచి వెళ్ళిపోయినట్లు. ఆ స్థానాన్ని నీరు ఆక్రమిస్తే కాటా ముల్లు మాత్రం కదలదు. వాపును చూసి బలుపు అనుకోవడం అన్న సామెత ఇక్కడ ఉపమానం కాదు, అక్షరాలా జరిగే పని. శీతాకాలాన్ని దాటించేది, గుడ్లు పెట్టే శక్తినిచ్చేది, రోగాన్ని తట్టుకోనిచ్చేది నిలవ ఉన్న కొవ్వు. దానిని చూపలేని కొలతను పుష్టి సూచిక అనడం ఎలా? పొట్ట కోసి ఆ కొవ్వునే చూడాలన్నది ఈ పక్షపు వాదం.

తూకంవాది: నీరు కొవ్వు స్థానాన్ని ఆక్రమిస్తుందన్న మాటను కాదనడం లేదు, అయితే అది ఎంతకాలం ఆక్రమిస్తుందన్నది చూడాలి. ఆకలి వారాలు దాటి నెలలకు సాగినప్పుడు చేప కండను కూడా కరిగించుకొంటుంది, అప్పుడు తల పెద్దదిగా, వీపు కత్తిలాగా కనిపించే దశ వస్తుంది, ఆ దశను కాటా తప్పక పట్టుకొంటుంది. ఇక జన, కడుపులోని ఎర అన్నవి కొత్తగా కనిపెట్టిన అభ్యంతరాలు కావు. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు పెర్చ్ చేపల మీద 1951లో ప్రచురించిన అధ్యయనంలో లె క్రెన్, జన బరువు ఋతువునుబట్టి ఎలా మారుతుందో, పుష్టి దానితో ఎలా పెనవేసుకొని ఉంటుందో విడదీసి చూపాడు. చేపను దాని సొంత గుంపు సగటు బరువుతోనే పోల్చే సాపేక్ష పుష్టి గుణకాన్ని కూడా అందులోనే ప్రతిపాదించాడు. అంటే ఈ కొలతను వాడేవారికి దాని బలహీనతలు డెబ్బై ఏళ్ళుగా తెలుసు, వాటికి విరుగుళ్ళూ తెలుసు: వసంతపు చేపను శరత్తు చేపతో పోల్చకపోవడం, చిన్న చేపలను పెద్దవాటితో కలపకపోవడం, వందల చేపలను తూచి సగటు చూడడం. ఒక చేప కడుపు నిండి ఉండవచ్చు, మరొకదాని కడుపు ఖాళీగా ఉండవచ్చు. వందల చేపల సగటులో అటువంటి తేడాలు ఒకదానినొకటి కొట్టివేసుకొంటాయి. కోసి చూసే పద్ధతిలో అన్ని చేపలు ఎన్నటికీ దొరకవు.

కోతవాది: ఒకదానినొకటి కొట్టివేసుకొనేవి ఇటు కొంత, అటు కొంత జరిగే పొరపాట్లు మాత్రమే, ఎప్పుడూ ఒకే వైపుకు లాగే పొరపాటు వెయ్యి చేపలను తూచినా పోదు, పైగా సంఖ్య పెరిగేకొద్దీ దానిమీద నమ్మకం కూడా పెరిగి మరింత ప్రమాదకరమవుతుంది. నీటి పొరపాటు అటువంటిదే, అది ఎల్లప్పుడూ ఆకలిని కప్పిపుచ్చే వైపుకే లాగుతుంది. కొలతపలక సంగతి అంతకంటే చిన్నదే గాని దాని ప్రభావం చిన్నది కాదు. ఊగే పడవ మీద తడిసిన పలకపై చేపను పడుకోబెట్టి, మూతిని పలక అంచుకు ఆనించి, తోక రెండు పాయలను దగ్గరకు నొక్కి చివరివరకు కొలిస్తే అది మొత్తం పొడవు. నొక్కకుండా తోకను సహజంగా వదిలేసి కొలిచినా, పాయల మధ్య గుంటవరకే కొలిచినా మరో పొడవు వస్తుంది. ఏ పద్ధతిలో కొలిచారో రాసుకోవడం మరిచిపోయేవారే ఎక్కువ. పైన చెప్పిన 500 మిల్లీమీటర్ల చేపనే ఎవరైనా 510 అని రాసుకొంటే, ప్రామాణిక బరువు 1,650 గ్రాములకు పెరిగి, సాపేక్ష బరువు 90 నుంచి 85కు పడిపోతుంది; అంటే ఒక్క సెంటీమీటరు తేడా బాగానే తింటున్న చేపను ఆకలి చేపగా మార్చేస్తుంది. పొడవులోని పొరపాటు ఘనం చేసేటప్పుడు మూడింతలవుతుంది గనుక ఇది తప్పదు. ఇక చేప గిలగిల కొట్టుకొంటుంటే స్ప్రింగ్ కాటా ముల్లు ఏ గీత దగ్గర ఆగిందో చూసి చెప్పేది వేటగాడి ఉత్సాహమే. ఆ ప్రామాణిక బరువు కూడా ప్రకృతి ఇచ్చినది కాదు. అనేక గుంపుల సగటు బరువులను వరుసపెట్టి, వాటిలో నూటికి 75వ స్థానంలో ఉన్నదానిని ప్రమాణంగా తీసుకొన్నారు. చారల చేప సముద్రంలోనూ ఉంటుంది, అమెరికాలో ఎన్నో రాష్ట్రాల జలాశయాల మంచినీటిలోనూ పెంచుతారు; ఒకే గీతతో ఈ రెండు జీవితాలనూ కొలవడం న్యాయమేనా అన్న ప్రశ్న ఉండనే ఉన్నది.

తూకంవాది: 75వ స్థానాన్ని ఎంచుకోవడంలో దాచినదేమీ లేదు. సగటును ప్రమాణంగా పెట్టుకొంటే అన్ని గుంపులూ కలిసి చిక్కిపోయినప్పుడు ప్రమాణం కూడా వాటితోపాటు దిగజారుతుంది. కొంచెం పైమెట్టును పెట్టుకొంటే బాగా బతుకుతున్న గుంపు ఎలా ఉంటుందో దానితో పోలిక కుదురుతుంది. పలక మీది పొరపాటు మాట నిజమే, దానికి కావలసినది శిక్షణ. కొలతను పారవేయడం కాదు. ఇప్పుడు కోత పద్ధతి సంగతి చూడాలి. చారల చేప ఒకసారి దాదాపు తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చిన జాతి. 1985 నుంచి 1990 వరకు అఖాతపు ఒడ్డునున్న మేరీలాండ్ రాష్ట్రంలో దాని వేటను పూర్తిగా నిషేధించవలసి వచ్చింది, 1995లో గాని అది కోలుకొన్నదని ప్రకటించలేదు, ఆ తరువాత మళ్ళీ తగ్గింది. అటువంటి జాతి పుష్టిని తెలుసుకోవడానికి పొట్ట కోయడమే మార్గమంటే, ప్రశ్న అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పేదానిని చంపుతున్నట్లే. గాలానికి పట్టి వదిలిన చేపల్లో కూడా 9 శాతం చనిపోతాయని తీర రాష్ట్రాల సముద్ర మత్స్య కమిషన్ తన లెక్కల్లో వాడుతున్నది, ఆ మరణాలను తగ్గించడానికే ఎరతో వేటాడేవారు గుండ్రటి గాలాలనే వాడాలని 2021 నుంచి నియమం పెట్టింది. గాలాన్ని గురించి ఇంత పట్టింపు ఉన్నచోట కత్తిని సమర్థించాలంటే చాలా గట్టి కారణం కావాలి.

కోతవాది: ఆ 9 శాతం లెక్క కాటాకూ వర్తిస్తుంది, దవడను పట్టి గాలిలో వేలాడదీసి తూచడం కూడా చేపకు క్షేమం కాదు. అయినా కోత అంటే కొత్తగా చంపడమని ఎవరన్నారు? వేటగాళ్ళు చట్టప్రకారం ఇంటికి తీసుకుపోయే చేపలు ఎటూ చనిపోయేవే. రేవులో రెండు పక్కల కండను కోసి తీసుకొన్న తరువాత తల, వెన్నుముల్లు, పొట్టభాగం చెత్తతొట్టిలో పడుతున్నాయి. శాస్త్రవేత్తకు కావలసినది ఆ మిగిలినదే. పొట్ట గోడను తెరిచి చూస్తే కడుపుకూ పేగుకూ మధ్య వేళ్ళలాంటి చిన్న తిత్తులు గుత్తిగా కనిపిస్తాయి. శరత్కాలంలో బాగా తిన్న చేపలో ఆ తిత్తులు కనబడకుండా తెల్లని మెత్తని కొవ్వు వాటిని అల్లుకొని ఉంటుంది, ఆకలి చేపలో అవే తిత్తులు ఎర్రగా, నగ్నంగా, ఒక్కొక్కటిగా లెక్కపెట్టడానికి వీలుగా కనిపిస్తాయి. ఈ తేడాను చూడడానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు, తరాజు అంతకంటే అక్కరలేదు. మేరీలాండ్ జీవశాస్త్రవేత్తలు ప్రతి శరత్తులోనూ పొట్టలో కొవ్వు బొత్తిగా కనిపించని చేపల వాటా ఎంతన్నదానినే ప్రధాన సూచికగా తీసుకొంటున్నారు. కొవ్వు ఉన్నదా, లేదా అన్న ఒక్క ప్రశ్నకు కుదించడంవల్ల చూసే కంటినిబట్టి తేడా వచ్చే అవకాశం కూడా తగ్గింది. వానాకాలంలో గోదావరి వరదకు ఎదురీదడానికి వచ్చే పులస సముద్రంలో కూడబెట్టుకొన్న కొవ్వుతోనే ఆ ప్రయాణం చేస్తుందని, దాని రుచికి ఆ కొవ్వే ఆధారమని తెలుగు పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. చారల చేప కూడా అటువంటి జాతే. సముద్రంలో తిరిగి, వసంతంలో నదుల్లోకి ఎగబాకి, మంచినీటిలో గుడ్లు పెడుతుంది. దాని బతుకు నడిచేది తూకంతో కాదు, నిలవతో.

పొట్ట తెరిచినప్పుడు కొవ్వుతోపాటు మరొకటి కూడా కనిపిస్తుంది. చెసపీక్ చారల చేపల్లో మైకోబాక్టీరియోసిస్ అనే దీర్ఘరోగం ఉన్నదని 1997లో గుర్తించారు. మనుషులకు క్షయ కలిగించే సూక్ష్మజీవికి బంధువర్గమైన బాక్టీరియాలు దీనికి కారణం, వాటిలో ఒక కొత్త జాతికి 2003లో మైకోబాక్టీరియం షాట్సియై అని పేరుపెట్టారు. ఈ రోగం సోకిన చేప ప్లీహంలో, మూత్రపిండాల్లో తెల్లని గింజల్లాంటి గడ్డలు ఏర్పడతాయి, పైచర్మం మాత్రం చాలాకాలం నిగనిగలాడుతూనే ఉండవచ్చు. తక్కువ తిండి పెట్టిన చేపల్లో ఈ రోగం త్వరగా ముదురుతుందని 2009లో ప్రచురితమైన ప్రయోగం చూపింది. పుష్టిని కొలవడమంటే రోగాన్ని ముందే పసిగట్టడం కూడా అయినచోట, లోపలికి చూడని కొలత సగం కొలతే.

తూకంవాది: రేవులో మిగిలిన ముక్కల మాట ఒప్పుకోదగినదే, అంతేకాదు మెచ్చుకోదగినది. కాని ఆ ముక్కలు ఏ చేపలవి? 2024 నుంచి చెసపీక్ అఖాతంలో వేటగాడు ఇంటికి తీసుకుపోగలిగినది రోజుకు ఒక్క చేప, అదీ 19 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్నది. సముద్రతీరంలోనైతే 28 నుంచి 31 అంగుళాల మధ్యది. ఈ కిటికీకి బయట ఉన్నవన్నీ నీళ్ళలోకి తిరిగి వెళ్ళిపోతాయి. అంటే వచ్చే ఏడు గుడ్లు పెట్టబోయే నాలుగడుగుల ఆడచేప పొట్టలో కొవ్వు ఎంతన్నది రేవు చెత్తతొట్టి ఎన్నటికీ చెప్పదు, ఆ చేపను వదిలేముందు పలకమీద పడుకోబెట్టినవాడు మాత్రమే ఏదో ఒకటి చెప్పగలడు. అధికారులు సర్వే కోసం సొంతంగా పట్టే చేపలు ఈ లోటును కొంత పూడ్చవచ్చు, కొంతే. పైగా తూకానికి ఉన్నట్లుగా కోతకు గతం లేదు. మాన్సుయెటి 1961లో మేరీలాండ్ చారల చేపల వయసు, పెరుగుదల మీద చేసిన అధ్యయనంతో నేటి చేపలను పోల్చవచ్చు. పొట్టలో కొవ్వును క్రమపద్ధతిలో చూడడం మొదలైనది 1990ల చివరలో, అంటే జాతి కూలిపోయి, నిషేధం వచ్చి, మళ్ళీ కోలుకొన్న తరువాత. కూలకముందు ఆ చేప ఎంత కొవ్వుతో బతికేదో తెలియనప్పుడు నేటి కొవ్వు తక్కువో, ఎక్కువో దేనితో పోల్చి చెప్పాలి?

కోతవాది: ఈ రెండు అభ్యంతరాలూ బలమైనవి, వాటిని తేలికచేయడం కుదరదు. మొదటిదానికి యంత్రాలు కొంత జవాబు చెబుతున్నాయి. ఒకటి, చేప పక్కన ఆనించి స్వల్పశక్తి మైక్రోవేవ్ తరంగాలతో కండలోని నీటిని పసిగట్టి, నీరు ఎక్కువైతే కొవ్వు తక్కువన్న సూత్రంతో కొవ్వును అంచనావేసే పనిముట్టు. రెండవది, ఒంటికి రెండుచోట్ల ఎలక్ట్రోడులు తాకించి సన్నని విద్యుత్తును పంపి, అది ఎదుర్కొన్న నిరోధాన్నిబట్టి దేహంలో నీరు, కొవ్వు ఎంతో లెక్కగట్టే పద్ధతి. బ్రూక్ ట్రౌట్ చేపల మీద కాక్స్, హార్ట్‌మన్ 2005లో దీనిని చూపారు. మనుషుల ఒంట్లో కొవ్వు చూపే బరువుయంత్రాలు పనిచేసేదీ ఇదే సూత్రం మీద. నాలుగడుగుల ఆడచేపను చంపకుండానే దాని నిలవను చదివే దారి ఇది.

తూకంవాది: ఆ దారిలో కూడా కత్తి ఉన్నది, కాకపోతే ముందే వాడారు. ఆ యంత్రం చూపే అంకెకు అర్థం రావాలంటే అదే జాతి చేపలను మొదట యంత్రంతో చదివి, తరువాత కోసి, ఎండబెట్టి, రసాయన పరీక్ష చేసి, రెండు లెక్కలనూ జతచేసుకోవాలి. ఆ జత ఒక జాతికి ఒకలాగా, మరో జాతికి మరోలాగా ఉంటుంది. విద్యుత్ పద్ధతిలోనైతే చేప ఒంటి వేడి మారినా అంకె మారుతుంది. జూలై మధ్యాహ్నం పట్టిన చేపకు, నవంబరు ఉదయం పట్టిన చేపకు మధ్య తేడా కొవ్వుదా, నీటి వేడిదా అని మళ్ళీ విడదీసుకోవాలి. కాటామీద ఉన్న ఫిర్యాదు అంతా తిరిగి ఖరీదైన పనిముట్టు మీదకు వచ్చింది, అంతే.

కోతవాది: తిరిగి వచ్చినది ఫిర్యాదు మాత్రమే కాదు, కొలవవలసినది ఏమిటన్న స్పష్టత కూడా. తూకం పక్షం పుష్టి అన్నప్పుడు ఆకారాన్ని ఉద్దేశిస్తున్నది, కోత పక్షం నిలవను ఉద్దేశిస్తున్నది. ఆకారం నిలవకు గుర్తు అయినంతమేరకు ఇద్దరికీ పేచీ లేదు. గుర్తు కాని సందర్భాల్లోనే పేచీ, ఆ సందర్భాలు ఎక్కువగా ఆకలి మొదలయ్యే దశలోనివి, అంటే ఏదైనా చేయడానికి ఇంకా వ్యవధి ఉన్న దశలోనివి. చేప వీపు కత్తిలాగా మారిన తరువాత కాటా చెప్పే వార్త నిజమే గాని, అది ఆలస్యంగా వచ్చిన వార్త.

తూకంవాది: ఆలస్యంగానైనా అందరికీ అర్థమయ్యే వార్త. దీనిని తక్కువగా చూడకూడదు, ఎందుకంటే ఈ అంకెల వెనుక పెద్ద తగవు ఉన్నది. చారల చేప ముఖ్యంగా తినేవాటిలో మెన్‌హాడెన్ ఒకటి. అదే మెన్‌హాడెన్‌ను వర్జీనియా రేవులనుంచి పెద్ద పడవలతో పట్టి నూనెగా, పిండిగా మార్చే పరిశ్రమ కూడా ఉన్నది. అఖాతంలో ఆ పరిశ్రమ పట్టగలిగే మొత్తాన్ని 2017లో 51,000 టన్నులకు తగ్గించారు. 2020లో కమిషన్ మెన్‌హాడెన్ కోటా నిర్ణయించేటప్పుడు చారల చేప అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే కొలమానాలను ఆమోదించింది. ఇటువంటి చోట ఒకరు చేప బక్కచిక్కిందంటారు, మరొకరు లేదంటారు. పొడవు, బరువు అన్న రెండు అంకెలైతే వేటగాడు, పరిశ్రమ యజమాని, విలేకరి ఎవరికి వారు మళ్ళీ లెక్కవేసి సరిచూసుకోవచ్చు; తిత్తుల మీద కొవ్వు ఉన్నదా లేదా అన్నది మాత్రం కోసినవాడు రాసుకొన్న మాట, చేప పారవేసిన తరువాత దానిని సరిచూసేవారు లేరు. తగవులో పనికివచ్చే సాక్ష్యం ఉత్తమమైనదే కానక్కరలేదు, ఇరుపక్షాలూ కాదనలేనిదైతే చాలు.

కోతవాది: కాదనలేని సాక్ష్యం తప్పు ప్రశ్నకు సమాధానం చెబితే తగవు తీరదు, సాగుతుంది. సాపేక్ష బరువు 90 దగ్గర నిలిచి ఉన్నదని చూపి తిండికి లోటు లేదని పరిశ్రమ వాదించవచ్చు, అదే సంవత్సరం సగం చేపల పొట్టల్లో కొవ్వు పిసరు కూడా కనబడకపోవచ్చు. ఫోటో తీసి భద్రపరిస్తే కోతను కూడా తరువాత సరిచూడవచ్చు, ఆ మాత్రం ఏర్పాటు కష్టం కాదు.

అయితే ఒక విషయంలో ఈ పక్షం కూడా తల వంచవలసి ఉన్నది. కొవ్వు లేదని తేలినంత మాత్రాన అది ఎందుకు లేదో తేలదు. 1990లలో చారల చేపలు మళ్ళీ విరివిగా పెరిగినప్పుడే అవి చిక్కిపోవడం, పుళ్ళతో కనిపించడం కూడా మొదలైంది. తినే నోళ్ళు పెరిగి మేత తగ్గిందనుకొంటే, చిక్కిపోవడమన్నది జాతి కోలుకోవడానికి చెల్లించిన మూల్యం అవుతుంది, పరిశ్రమ చేసిన నేరం కానక్కరలేదు. వేసవిలో పైనీరు మరీ వేడెక్కి, అడుగునీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి, పెద్ద చారల చేపలు రెండింటి మధ్య ఇరుకు పొరలో చిక్కుకొంటాయని శాస్త్రవేత్త కూటాంట్ 1985లోనే ప్రతిపాదించాడు. మేత కళ్ళెదుటే ఉన్నా అది ఉన్న నీటిలోకి వెళ్ళలేని చేపకు కూడా కొవ్వు కరుగుతుంది. మేత చాలకనా, చేపలు ఎక్కువయ్యా, నీరు వేడెక్కియా అన్నది కత్తి చెప్పలేదు.

తూకంవాది: కాటా కూడా చెప్పలేదు. ఆ మాటకు వస్తే మూడో చిక్కు కూడా ఉన్నది, దానిని ఇరుపక్షాలూ సాధారణంగా పక్కకు నెడతాయి: మరీ బక్కచిక్కినవి చనిపోతాయి, చనిపోయినవి పలకమీదకూ రావు, బల్లమీదకూ రావు. కనుక గడ్డుకాలం ముగిసిన వెంటనే బతికి ఉన్న చేపల సగటు పుష్టి మెరుగైనట్లు కనిపించవచ్చు. ఆ మెరుగుదలను శుభవార్తగా రాసిన నివేదికలు ఏ పద్ధతిలో కొలిచినవైనా సరే, గుంపులో ఎన్ని చేపలు మిగిలాయన్న లెక్క పక్కన లేకుండా చదవకూడదు.

కోతవాది: అంతవరకు అంగీకారమే. ఇక మిగిలినది, రెండు కొలతలూ ఎదురుబొదురుగా నిలిచిన సంవత్సరంలో కమిషన్ బల్లమీద ఏది ముందుండాలన్నది. అక్టోబరు, నవంబరు నెలల్లో కోసిన చేపల్లో కొవ్వు లేనివాటి వాటా పెరిగి, సాపేక్ష బరువు మాత్రం కదలకుండా ఉంటే, కోత పక్షం కొవ్వునే నమ్ముతుంది, ఎందుకంటే రాబోయే శీతాకాలాన్ని చేప దాటవలసినది దానితోనే.

తూకంవాది: తూకం పక్షం ఆ సంవత్సరం ఆ చేపలను మళ్ళీ తూచమంటుంది, ఎన్నింటిని కోశారో, అవి ఏ పొడవువో, ఏ రేవునుంచి వచ్చాయో అడుగుతుంది. 19 నుంచి 24 అంగుళాల కిటికీలోనుంచి వచ్చిన పొట్టలు అఖాతమంతటికీ సాక్ష్యం చెప్పలేవన్న మాటను వదులుకోదు. ఒక్క షరతు మాత్రం ఇరుపక్షాలూ కలిసే పెట్టవచ్చు: తోకను నొక్కి కొలిచారా లేదా, ఏ నెలలో పట్టారు, ఆడదా మగదా, కడుపులో ఎర ఉన్నదా అన్న నాలుగు వివరాలు పక్కన రాయని పుష్టి అంకెను, అది కాటాదైనా కత్తిదైనా, లెక్కలోకి తీసుకోరాదు.